అడగకముందే అందే పాఠం: గోదావరి డెల్టా కళాశాలల అధ్యాపకులకు ఒక మార్గదర్శిని

గోదావరి జిల్లాల తరగతి గదిలో "అర్థమైందా?" అని అడిగితే "అయిందండీ" అన్న సమాధానమే వస్తుంది. వెనక బెంచీకి మాట వినబడకపోయినా, బోర్డు మీద అక్షరం కనబడకపోయినా, ఇంగ్లీషులో చెప్పింది ఒక్క ముక్క తలకెక్కకపోయినా, మాస్టారి ముందు ఆ మాట అనడానికి మన పిల్లలకు నోరు రాదు. అది పెద్దల పట్ల చూపే మర్యాద. దానితోపాటు నలుగురిలో తక్కువైపోతామేమోనన్న బెరుకు కూడా ఉంటుంది. ఇటువంటి చోట మన కళాశాలలు మాత్రం "అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్న సామెతనే నియమంగా పెట్టుకుని, దరఖాస్తు చేసుకున్న వారికే సౌకర్యం కల్పిస్తూ వచ్చాయి. అందుచేత ఈ మార్గదర్శినిలో చెప్పేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: విద్యార్థి వచ్చి అడగవలసిన అవసరం రాకుండానే పాఠాన్ని, నోట్సును, పరీక్షను సిద్ధం చేసి ఉంచాలి.

ఈ సూత్రం నాకు ఒక తప్పు చేసిన తరువాత తెలిసింది. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకరు చేరారు. అందరితోపాటు ఆయనకూ నోట్సు పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంపేవాణ్ణి; ఫోను చదివి వినిపిస్తుంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. మొదటి ఇంటర్నల్ పరీక్ష అయ్యాక తెలిసిందేమిటంటే, నేను పంపిన ఫైళ్లలో ఒక్క వాక్యం కూడా ఆయన ఫోను చదవలేకపోయింది. రెండు నెలలపాటు పక్కన కూర్చునే స్నేహితుడు సాయంత్రాలు బస్సు కోసం ఎదురుచూసే సమయంలో చదివి వినిపించాడు. "మాస్టారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదండీ" అన్నారాయన. ఆ మాట నేను ఈనాటికీ మరచిపోలేదు.

మొదట నోట్సు ఫైలును సరిచేయండి

ఆ ఫైళ్లను ఫోను చదవలేకపోవడానికి కారణం చాలా చిన్నది. మన దగ్గర జిరాక్సు దుకాణాల్లోనూ, డీటీపీ కేంద్రాల్లోనూ, చాలా శాఖల కంప్యూటర్లలోనూ తెలుగును ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ఆకారాలను కూర్చుకుంటాయి. కంటికి తెలుగు కనిపిస్తుంది గాని, కంప్యూటరుకు అవి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు మాత్రమే. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే వరసగా పలుకుతుంది. తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్న యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును మాత్రం, కంప్యూటర్ల మీద ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్లు తెలుగులోనే చదవగలవు.

మీ ఫైలు ఏ రకమో తెలుసుకోవడానికి అర నిమిషం చాలు. ఒక వాక్యాన్ని ఎంచుకుని, కాపీ చేసి, వాట్సాప్ సందేశంలో అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్. గజిబిజి గుర్తులు వస్తే అది పాత ఫాంటు. అసలు వాక్యాన్ని ఎంచుకోవడమే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఒక హెచ్చరిక: యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు కూడా పీడీఎఫ్‌గా మారేటప్పుడు కొన్నిసార్లు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అందువల్ల పీడీఎఫ్‌తోపాటు అసలు వర్డ్ ఫైలును కూడా పంపడం మేలు. ఎవరైనా దిద్దేస్తారేమోనన్న భయంతో వర్డ్ ఫైలు ఇవ్వని అధ్యాపకులు ఉన్నారు. ఆ భయం వల్ల కాపాడుకునేది తక్కువ, విద్యార్థి పోగొట్టుకునేది ఎక్కువ.

పాత నోట్సు అంతా పారేయనక్కరలేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన తరువాత ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర ఒకసారి చదివి దిద్దుకోవాలి. స్కాన్ చేసిన పేజీలైతే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, అచ్చు స్పష్టంగా ఉన్నంత మేరకు తెలుగు అక్షరాలుగా మారుతుంది. చేతిరాత నోట్సుకు ఇది పనికిరాదు. ఫోనులో వాయిస్ టైపింగ్ పెట్టుకుని తెలుగులో చదువుతూ పోతే రెండు పేజీల నోట్సు పావుగంటలో తయారవుతుంది. ఫాంట్లు కొనవలసిన అవసరం కూడా లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

టైపు చేసేటప్పుడు శీర్షికలను లావు అక్షరాలుగా చేసి వదిలేయకుండా, వర్డ్‌లో ఉండే హెడింగ్ స్టైలును వాడండి. చూపున్నవారు పేజీ మీద కళ్లు పరిగెత్తించి కావలసిన భాగాన్ని పట్టుకుంటారు. స్క్రీన్ రీడర్ వాడేవారు హెడింగుల మీదుగా ఒక్కో మీటతో దూకుతూ వెళ్లి పట్టుకుంటారు. ఆ స్టైలు లేకపోతే నలభై పేజీల నోట్సులో మూడో యూనిట్ కోసం మొదటి పేజీ నుంచి వినుకుంటూ రావలసిందే. పటాలకు, గ్రాఫులకు వాటి కిందనే రెండు వాక్యాల వివరణ రాయండి. "పటం 3 చూడుము" అని వదిలేస్తే చూడలేనివారికి అక్కడ ఏమీ మిగలదు. "వర్షపాతం జూన్‌లో పెరగడం మొదలై సెప్టెంబరు తరువాత తగ్గినట్లు ఈ గ్రాఫు చూపుతుంది" అని రాస్తే గ్రాఫు చదవడం రాని తక్కిన విద్యార్థులకూ పాఠం అందుతుంది. స్లయిడ్లలో పసుపు మీద తెలుపు, లేత నీలం మీద బూడిదరంగు వంటి జోడింపులు మానండి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే కొలత, నలుపు తెలుపుల జంట దీన్ని సులువుగా దాటుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదనే అర్థం ఆధారపడేలా పటం గీయకండి, ఆ రెండు రంగులను వేరు చేసి చూడలేనివారు ప్రతి పెద్ద తరగతిలోనూ ఉండే అవకాశం ఉంది.

నోట్సు పాఠానికి ఒక రోజు ముందే ఇవ్వండి. ముందే ఇస్తే తరగతికి రారన్న అభ్యంతరం వింటూ ఉంటాను. నా అనుభవంలో రానివారు ఎలాగూ రారు. వచ్చేవారిలో నెమ్మదిగా రాసేవారు, చెవి సరిగా వినబడనివారు, ఇంగ్లీషు తడబడేవారు ముందుగా ఒకసారి చూసుకుని వచ్చి ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు.

తరగతిలో మాట

బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మనందరి అలవాటు. రాయడం ఒక పని, చెప్పడం మరొక పని అనుకుని రెండింటినీ వేరు చేయండి: రాసి, తిరిగి, అప్పుడు చెప్పండి. చెవి సరిగా వినబడని విద్యార్థి మన పెదవుల కదలికను కూడా చూస్తూ మాటను పోల్చుకుంటాడు. తెలుగులో పెదవులను మాత్రమే చూస్తే పాట, బాట, మాట అన్న మూడు పదాలూ ఒకటిగానే కనిపిస్తాయి, ఎందుకంటే ప, బ, మ మూడూ పెదవులు మూసి పలికే అక్షరాలే. అందువల్ల ముఖం చూపించినంత మాత్రాన సరిపోదు. కొత్త పదం, పేరు, సంవత్సరం, సూత్రం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాయాలి. వానాకాలంలో రేకుల కప్పు మీద చినుకుల మోత, ఎండాకాలంలో పాత ఫ్యాన్ల చప్పుడు మంచి చెవులకే అడ్డం. చిన్న మైకు, స్పీకరు కొనిపించడం కళాశాలకు భారమేమీ కాదు. వెనక నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మీరు ఒకసారి గట్టిగా చెప్పి, ఆ తరువాతే జవాబు ఇవ్వండి. నెట్ అందే గదుల్లో, మాటను వెంటనే అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ వంటి యాప్‌ను విద్యార్థి తన ఫోనులో పెట్టుకోవడానికి అనుమతించండి. తరగతిలో ఫోను నిషేధం ఉంటే దీన్ని మినహాయింపుగా ముందే ప్రకటించాలి. లేకపోతే ఆ విద్యార్థి ప్రతి పీరియడ్‌లోనూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

చూపు లేనివారి కోసం "ఇది", "ఇక్కడ", "ఇలా" అన్న మాటలను తగ్గించండి. ఆర్థికశాస్త్రంలో డిమాండ్ రేఖ గీస్తూ "ఈ గీత ఇలా కిందికి వస్తుంది" అనే బదులు, "ధర పెరిగేకొద్దీ గిరాకీ తగ్గుతుంది కాబట్టి గీత ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలుతుంది" అనండి. ఆ వాక్యం అలవాటు కావడానికి ఒక నెల పడుతుంది, ఆ తరువాత శ్రమ ఉండదు.

ఇంగ్లీషు మాధ్యమంలో తెలుగు వంతెన

2021-22 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి అప్పటిదాకా తెలిసినది తెలియనట్టుగా మారిపోతుంది. కిరణజన్య సంయోగక్రియను పదో తరగతిలో చక్కగా వివరించగలిగిన అమ్మాయి ఫొటోసింథసిస్ అన్న మాట దగ్గర తల దించుకుంటుంది. ద్రవాభిసరణం తెలిసిన అబ్బాయి ఆస్మాసిస్‌ను కొత్తగా బట్టీ పడతాడు. ప్రతి యూనిట్‌కూ ఒక పేజీ పదపట్టిక తయారుచేసి, ఇంగ్లీషు పదం, దాని తెలుగు ఉచ్చారణ, తెలుగు పారిభాషిక పదం, ఒక వాక్యం వివరణ అందులో ఇవ్వండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పాఠ్యపుస్తకాలు, పదకోశాలు చాలా కళాశాల గ్రంథాలయాల్లో ఇప్పటికీ ఉన్నాయి, ఈ పనికి అవే ఆధారం.

తరగతిలో ప్రశ్నను తెలుగులో అడగవచ్చని మొదటి రోజే చెప్పండి, చెప్పడంతో ఆపకుండా మీరు ఒక ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పి చూపించండి. సెమినార్‌లో మొదటిసారి తెలుగులో, రెండోసారి ఇంగ్లీషులో మాట్లాడనిస్తే సిగ్గు తగ్గుతుంది. రాజమహేంద్రవరంలో 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ పరిధిలో తీరప్రాంతపు పిల్లలూ, రంపచోడవరం గిరిజన ఏజెన్సీ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వారిలో కోయ భాష ఇంట్లో మాట్లాడేవారికి తెలుగు కూడా నేర్చుకున్న భాషే. మన గోదావరి యాసలోని "ఆయ్" మనకు ముద్దు. వారి యాస విని తరగతి నవ్వినప్పుడు అధ్యాపకుడు కూడా చిరునవ్వు నవ్వితే ఆ విద్యార్థి ఆ సంవత్సరమంతా నోరు తెరవడు.

వరదను పాఠ్యప్రణాళికలో రాసుకోండి

గోదావరి పాయల నడుమ ఉండే లంక గ్రామాల విద్యార్థికి హాజరు అనేది వాతావరణం మీద ఆధారపడిన విషయం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. కాజ్‌వేలు మునిగి, పడవలే దిక్కయ్యే రోజులు జూలై, ఆగస్టుల్లో తరచుగా వస్తాయి. గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (బల్లకట్టు) ఎక్కే విద్యార్థికి, వరదలో పంటు ఆగిందంటే ఆ రోజు కళాశాల లేనట్టే. 2022 జూలై వరదను చూసినవారెవరికీ ఇది వివరించనక్కరలేదు.

కాబట్టి మొదటి ఇంటర్నల్‌ను ఆ రెండు నెలల నడుమ పెట్టవలసి వస్తే, రెండో హెచ్చరిక జారీ అయితే పరీక్ష దానంతట అదే వాయిదా పడుతుందని సెమిస్టర్ మొదటి వారంలోనే నోటీసు బోర్డులో పెట్టించండి. అప్పుడు లంక విద్యార్థి నడుం లోతు నీళ్లలో బయలుదేరడు. ఆ రోజుల పాఠాన్ని వీడియోగా కాకుండా ఆడియోగా రికార్డు చేసి పంపండి. మాటకు సరిపోయే తక్కువ నాణ్యతలో పెడితే నలభై నిమిషాల పాఠం 10 ఎంబీ లోపే ఉంటుంది, బలహీనమైన సిగ్నల్ మీద కూడా దిగుతుంది. 75 శాతం హాజరు నియమాన్ని మీరొక్కరు మార్చలేకపోవచ్చు, అయినా రాకపోకలు తెగిన తేదీలను శాఖ రిజిస్టరులో రాసిపెట్టి, మినహాయింపు కోరే సమయంలో ప్రిన్సిపాల్ ముందు పెట్టగలరు. విద్యార్థి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి తెచ్చే కాగితం కన్నా ఆ రిజిస్టరు నమ్మకమైనది.

నీరు తీసిన తరువాత నోట్సు, రికార్డులు తడిసిపోయినవారు ఉంటారు. తక్కినవారి నోట్సు జిరాక్సు తీసుకోమని వదిలేయకుండా మీ ఫైళ్లను మళ్లీ పంపండి, రికార్డు గడువు పొడిగించండి. కోతల రోజుల్లో పనికి వెళ్లేవారి విషయంలోనూ, రాత్రిళ్లు రొయ్యల చెరువుల మీద కాపలా ఉండి ఉదయం మొదటి పీరియడ్‌లో కునికేవారి విషయంలోనూ, తల్లి కువైట్‌లో ఉండగా ఇంటి పనంతా చేసుకుని వచ్చే అమ్మాయి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది: అసైన్‌మెంటుకు ఒకే తేదీ బదులు ఒక వారం వ్యవధి ఇస్తే ఎవరూ తమ ఇంటి సంగతి విప్పి చెప్పుకోనక్కరలేదు.

భవనం

డెల్టాలో నీరు నిలుస్తుంది కాబట్టి భవనాలను ఎత్తైన అరుగుల మీద కడతాం. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే రెండడుగుల అరుగుకు 24 అడుగుల పొడవైన ర్యాంపు కావాలి. స్థలం సరిపోదని ఆరడుగుల్లో నిటారుగా కట్టి, నున్నటి టైల్స్ అతికించినది తనిఖీలో ఫొటోకు పనికొస్తుంది గాని వానలో చక్రాల కుర్చీకి ప్రమాదం. కొత్త ర్యాంపు కోసం ఎదురుచూడకుండా మీరు రేపే చేయగలిగింది ఒకటుంది: నడవడం కష్టమైన విద్యార్థి ఉన్న సెక్షన్ తరగతులన్నీ కింది అంతస్తుకు వచ్చేలా టైంటేబుల్ మార్పించండి. ర్యాంపుకు అడ్డంగా మోటారుసైకిళ్లు పెట్టనివ్వకండి. దివ్యాంగుల మరుగుదొడ్డిని సామాన్ల గదిగా వాడుతున్నారేమో, తాళం ఎవరి దగ్గర ఉందో స్వయంగా వెళ్లి చూడండి.

పరీక్ష

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. ఆ 21లో చదవడం, రాయడంలో ఎదురయ్యే అభ్యసన వైకల్యాలు, తలసేమియా, సికిల్ సెల్ అనే రక్తవ్యాధులు కూడా ఉన్నాయి. అంటే చూడగానే తెలియనివి చాలా ఉన్నాయి. సికిల్ సెల్ ఉన్నవారు ఏజెన్సీ నుంచి వచ్చే విద్యార్థుల్లో ఉండవచ్చు; ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, బాగా అలసినా వారికి తీవ్రమైన నొప్పులు వస్తాయి. పరీక్ష గదిలోకి నీళ్ల సీసా తెచ్చుకోనివ్వడం, మధ్యలో బయటికి వెళ్లనివ్వడం అందరికీ ఒకే నియమంగా పెట్టండి, అప్పుడు ఎవరూ జబ్బు పేరు చెప్పుకోనక్కరలేదు.

రాయడానికి సహాయకుడు అవసరమైనవారి గురించి కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు పరీక్షా సమయంలో గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. సహాయకుణ్ణి విద్యార్థే తెచ్చుకుంటే అతని చదువు విద్యార్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది. వైకల్యం 40 శాతం లేదన్న ఒక్క కారణంతో సహాయకుణ్ణి నిరాకరించరాదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇవన్నీ సెమిస్టర్ చివరి పరీక్షకే పరిమితం అనుకునే పొరపాటు మన దగ్గర ఉంది; ఇంటర్నల్స్‌కు కూడా అలాగే అమలుచేయండి, ఎందుకంటే విద్యార్థి సహాయకుడితో కలిసి రాయడం సాధన చేసేది అక్కడే. వైకల్య శాతాన్ని తెలిపే సదరం సర్టిఫికెట్టు, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ నకళ్లను పరీక్షకు ముందు రోజు అడగకుండా, సెమిస్టర్ మొదట్లోనే తీసుకుని పరీక్షల విభాగానికి చేర్చండి. పరీక్ష మరో కళాశాలలో పడితే గది కింది అంతస్తులో కావాలని ఆ కేంద్రానికి ముందే లేఖ రాయించండి.

పిలుపు

స్కాలర్‌షిప్ జాబితాను తరగతిలో బిగ్గరగా చదవడం, కులం పేరు చెప్పి "వీళ్లు లేచి నిలబడండి" అనడం వెంటనే ఆపవలసిన పనులు. ఆ కబురు ఫోనులో పంపవచ్చు. మీరు ఎవరిని "బాబూ", "అమ్మా" అంటున్నారో, ఎవరిని "ఒరేయ్" అంటున్నారో ఒక వారం గమనించుకోండి. నేను గమనించుకున్నప్పుడు నా పిలుపులో కనిపించిన తేడా నన్ను చాలా బాధపెట్టింది. వైకల్యాన్ని పేరుకు తగిలించి పిలిచే అలవాటును విద్యార్థుల్లో మాన్పించాలంటే ముందుగా స్టాఫ్ రూములో మాన్పించాలి.

మొదటి వారం, మధ్య వారం, అప్పగింత

మొదటి తరగతిలో అందరికీ ఒక్కో చీటీ ఇచ్చి, "పాఠం వినడానికి, చూడడానికి, రాయడానికి, కళాశాలకు చేరడానికి మీకు అడ్డుపడేది ఏదైనా ఉంటే రాయండి, లేకపోతే మీ ఊరి పేరు రాయండి" అని చెప్పండి. అందరూ ఏదో ఒకటి రాస్తారు కాబట్టి ఎవరు రాశారన్నది పక్కవారికి తెలియదు. చీటీలను మడిచి మీకే ఇవ్వాలి. తరగతి లీడరు చేత పోగుచేయించవద్దు. ఆరో వారంలో మళ్లీ అడగండి, మొదటిసారి రాయనివారు అప్పుడు రాస్తారు.

సెమిస్టర్ మారినప్పుడు అధ్యాపకులు మారతారు, విద్యార్థి మాత్రం తన సంగతిని ఆరు సెమిస్టర్లలో ఐదారుగురి దగ్గర మొదటి నుంచి చెప్పుకుంటూ ఉంటాడు. ఆ విద్యార్థి అనుమతి తీసుకుని, అతనికి ఏమి అవసరమో మాత్రమే ఒక కాగితం మీద రాయండి: వర్డ్ ఫైలు కావాలి, ముందు బెంచీ కావాలి, పరీక్షలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ కావాలి. వ్యాధి పేరు, ఇంటి విషయాలు అందులో ఉండకూడదు. రాసిన కాగితాన్ని విద్యార్థికి చదివి వినిపించి, సరేనన్నాక ఒక ప్రతి అతనికి, ఒకటి పరీక్షల విభాగానికి, ఒకటి మీ సరిచేసిన నోట్సు ఫైళ్లతో కలిపి తరువాతి సెమిస్టర్ అధ్యాపకుడికి ఇవ్వండి.